స్కూటరు విడిభాగం, కస్టమ్స్ కాగితం, మన భయం

మా తాతగారి తరంవారు 'కరోడ్‌గిరీ' అనే మాటను చిన్న పిల్లల్ని బెదిరించడానికి వాడేవారు. నిజాం రాజ్యపు సుంకాల శాఖకు ఆ రోజుల్లో ఉన్న పేరది. సరిహద్దు దాటి వచ్చే ప్రతి మూటనూ విప్పి చూసే నాకా జవాను పేదవాడి కంటికి ప్రభుత్వం మొత్తంగా కనిపించేవాడు. ఆ రాజ్యం పోయింది, ఆ నాకాలు పోయాయి, ఆ మాటను ఎరిగినవారు కూడా దాదాపుగా పోయారు. కానీ భయం మాత్రం వారసత్వపు ఆస్తిలా తండ్రి నుంచి కొడుక్కి దిగుతూనే ఉంది. ఆ సంగతి నాకు అర్థమైంది ఒక స్కూటరు ఇంజను సామాను వల్ల.

రెండేళ్ల క్రితం రంజాన్ పండుగ వెళ్లిన వారానికి, పాలకుర్తిలో ద్విచక్ర వాహనాల మరమ్మతు దుకాణం నడుపుకొనే ఒక యువకుడు మగ్రిబ్ నమాజు తరువాత మా ఇంటికి వచ్చాడు. చొక్కా లోపలి జేబులో నాలుగు మడతలు పెట్టి దాచిన కాగితం తీసి నా చేతికిచ్చాడు. "చాచా, ఇది చదివి చెప్పండి. పోలీసులు వస్తారా?" అని అడిగాడు. అతని గొంతు తగ్గి ఉంది. ఇంట్లో ఆడవాళ్లకు వినిపించకూడదన్నట్టు మాట్లాడుతున్నాడు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. విదేశం నుంచి అతని పేరిట వచ్చిన పార్శిల్‌ను కస్టమ్స్ వారు నిలిపారనీ, కొనుగోలు బిల్లు, డబ్బు చెల్లించిన ఆధారం, గుర్తింపు పత్రం సమర్పించాలనీ అందులో ఉంది. అంతే. నేరమన్న మాట లేదు, అరెస్టన్న మాట లేదు. ప్రభుత్వ కార్యాలయంలో జీవితమంతా దస్త్రాలు కట్టిన నాకు అది పత్రాలు కోరే మామూలు తాఖీదు. పదో తరగతి మధ్యలో ఆపి పానా పట్టుకున్న ఆ కుర్రవాడికి మాత్రం అది జైలు గుమ్మం. అందుకే ఆ కాగితాన్ని ఇరవై రోజులు ఎవరికీ చూపకుండా దాచాడు.

అసలు జరిగిందేమిటి?

పక్క ఊరిలో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడికి పాత వెస్పా ఉంది. ఆయన తండ్రి నడిపిన బండి. దాన్ని తిరిగి రోడ్డెక్కించాలని ఆయన కోరిక. క్రాంక్ షాఫ్ట్, పిస్టన్ సెట్టు, కార్బరేటర్ కావాలి. మన కుర్రవాడు హైదరాబాద్ వెళ్లి పుత్లీబౌలి అంతా తిరిగాడు. దొరికినవి కొలతకు రాలేదు, కొలతకు వచ్చినవి నాణ్యంగా లేవు.

ఇది ఒక్క బండి కథ కాదు. ఒకప్పుడు స్కూటరు కొనాలంటే ఏళ్ల తరబడి వరుసలో నిలబడిన దేశం మనది. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. లక్నోలో అదే ఏడు స్థాపించిన ప్రభుత్వ సంస్థ స్కూటర్స్ ఇండియా, ఇటలీలోని లాంబ్రెట్టా యంత్రాలను కొని తెచ్చి విజయ్ సూపర్ తయారు చేసింది. మన హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్ అదే వంశపు బండి. ఆ తరువాత కాన్పూరు ఎల్.ఎం.ఎల్. వచ్చింది. వీటిలో నేడు పాత రూపంలో తయారవుతున్నది ఒక్కటీ లేదు. కంపెనీలు మూతబడ్డాయి, లేదా బళ్లు మార్చుకున్నాయి. కానీ బండ్లు మాత్రం పల్లెల్లో మిగిలాయి. వాటికి కావలసిన సామాను ఇంకా తయారయ్యేది ఇటలీ, ఇంగ్లండు, తైవాన్, వియత్నాం వంటి చోట్ల.

కనుక కుర్రవాడు దుబాయిలో ఉన్న తన బావకు ఫోన్ చేశాడు. బావ అక్కడ సామాను కొని పంపించాడు. పంపేటప్పుడు ఎవరో సలహా ఇచ్చారు: "పార్శిల్ మీద గిఫ్టు అని రాయి, విలువ ఇరవై డాలర్లని వేయి, ఎవరూ అడగరు." ఆ సలహాయే కొంప ముంచింది. ఉక్కు క్రాంక్ షాఫ్టు ఇరవై డాలర్లకు రాదని పార్శిల్ ఎత్తి చూసిన ఏ అధికారికైనా తెలుస్తుంది.

మేము జవాబు రాసేసరికి గడువు దాదాపు తీరిపోయింది. నిల్వ రుసుము రోజురోజుకూ పెరిగింది. సుంకం, అపరాధ రుసుము, నిల్వ ఖర్చు కలిపితే సామాను ధరను మించిపోయేలా ఉంది. చివరికి అతను ఆ పార్శిల్‌ను వదులుకున్నాడు. ఉపాధ్యాయుడు ఇచ్చిన బయానా తిరిగి ఇచ్చేందుకు తన వెల్డింగ్ యంత్రాన్ని అమ్ముకున్నాడు. భయంతో దాచిన ఇరవై రోజుల ధర అది.

చట్టం చెప్పేదేమిటి?

ఈ అనుభవం తరువాత నేను నియమాలన్నీ కూర్చుని చదివాను. మన సోదరులకు పనికివచ్చే నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది గిఫ్టు మాట. ఒకప్పుడు 5,000 రూపాయల లోపు విలువ గల బహుమతులు సుంకం లేకుండా వచ్చేవి. విదేశీ ఆన్‌లైన్ దుకాణాలు, ముఖ్యంగా చైనావి, ఈ వెసులుబాటును అడ్డం పెట్టుకొని అమ్మిన ప్రతి వస్తువునూ బహుమతిగా పంపడం మొదలుపెట్టాయి. దాంతో 2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ వారు తపాలా ద్వారా గాని, కొరియర్ ద్వారా గాని బహుమతి పేరిట సరుకు రావడాన్ని నిషేధించారు. ప్రాణరక్షక మందులకు, రాఖీకి మాత్రమే మినహాయింపు ఇచ్చారు. పూర్తి సుంకం చెల్లిస్తే బహుమతి కూడా రావచ్చు. అంటే 'గిఫ్టు' అన్న మాట వల్ల నేడు పైసా లాభం లేదు, అనుమానం మాత్రం పెరుగుతుంది.

రెండోది, ఎవరి కోసం తెప్పిస్తున్నామన్న ప్రశ్న. తన సొంత వాడకానికి వస్తువు తెప్పించుకొనే వ్యక్తికి ఎగుమతి దిగుమతి కోడ్, అంటే ఐఈసీ, అవసరం లేదు. వ్యాపారం కోసం తెప్పిస్తే 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం ప్రకారం ఆ కోడ్ తప్పనిసరి. మెకానిక్ తన పేరిట తెప్పించి ఖాతాదారు బండికి బిగించి డబ్బు తీసుకుంటే అది సొంత వాడకం కాదు. ఈ తేడా తెలియకనే చాలామంది చిక్కుకుంటున్నారు. నిజానికి ఐఈసీ కొండమీది కోతి కాదు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉంటే 500 రూపాయల రుసుముతో ఆన్‌లైన్‌లో వస్తుంది. అయితే ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఆ వివరాలను సరిచూసి ధ్రువపరచాలి, లేకుంటే కోడ్ నిలిచిపోతుంది.

మూడోది, సుంకం లెక్క. సుంకం వస్తువు ధర మీద మాత్రమే కాదు, రవాణా, బీమా ఖర్చులు కలిపిన విలువ మీద పడుతుంది. విమానంలో వచ్చే సరుకుకు రవాణా ఖర్చును వస్తువు ధరలో 20 శాతానికి మించి లెక్కలోకి తీసుకోరాదని 2007 నాటి విలువ నిర్ధారణ నియమాలు చెబుతున్నాయి. మన వారికి పంపే లెక్కలో ఈ అంశం సరిగా పడిందో లేదో చూసుకోవాలి. ఉదాహరణకు అన్నీ కలిపి విలువ 10,000 రూపాయలు అనుకుందాం. మూల సుంకం 15 శాతం చొప్పున 1,500. ఆ సుంకం మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జి 150. మొత్తం 11,650. దీనిమీద జీఎస్టీ 18 శాతం చొప్పున 2,097. అంటే పది వేల సామానుకు 3,747 రూపాయలు ప్రభుత్వానికి. 2025 సెప్టెంబరు 22కు ముందు వాహన విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. ఆ లెక్కన ఇదే సామానుకు 4,912 రూపాయలు అయ్యేది. తేడా చిన్నది కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. స్కూటరులోని ప్రతి వస్తువూ ఒకే శీర్షిక కిందికి రాదు. ద్విచక్ర వాహన భాగాలు 8714లో ఉంటే, పిస్టన్ వంటి ఇంజను భాగాలు 8409లో, బేరింగులు 8482లో ఉంటాయి. సొంత వాడకానికి తపాలా ద్వారా, విమానం ద్వారా వచ్చే వస్తువులకు 9804 అనే వేరే శీర్షిక ఉంది. రేట్లు బడ్జెట్టు బడ్జెట్టుకూ మారుతాయి. కనుక ఆర్డరు పెట్టకముందే ఆ రోజు రేటు చూసుకోవాలి గాని, పార్శిల్ వచ్చాక కాదు.

నాలుగోది, పాత సామాను. విదేశాల్లో తుక్కు బండ్ల నుంచి విప్పిన భాగాలు చవకగా దొరుకుతాయి. వాటిని చూసి మన మెకానిక్‌లు ఆశపడతారు. కానీ వాడిన సరుకుల దిగుమతి మన విదేశీ వాణిజ్య విధానంలో ఆంక్షలకు లోబడినది. ప్రత్యేక అనుమతి లేకుండా తెప్పిస్తే పట్టుబడినప్పుడు వాదించడానికి బలం ఉండదు. అలాగే పేరున్న కంపెనీ గుర్తు వేసిన నకిలీ సామానును ఆపే అధికారం కూడా కస్టమ్స్ వారికి ఉంది. బ్రేకు, క్లచ్చు వంటివాటిలో నకిలీ వస్తే పోయేది డబ్బు కాదు, ప్రాణం.

హక్కులు కూడా ఉన్నాయి

బాధ్యతల మాట చెప్పి హక్కుల మాట దాచడం న్యాయం కాదు. 1962 నాటి కస్టమ్స్ చట్టం పౌరుడికి కవచాలు ఇచ్చింది. సరుకును జప్తు చేయాలంటే 124వ సెక్షన్ ప్రకారం కారణాలు తెలిపి నోటీసు ఇవ్వాలి, జవాబు చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి, కోరితే ఎదుట విచారణ జరపాలి. మనం చూపిన ధరను అధికారి ఒప్పుకోకపోతే దానికి కారణం రాతపూర్వకంగా అడగవచ్చు. ఉత్తర్వు నచ్చకపోతే 60 రోజుల లోపు అప్పీలు చేసుకోవచ్చు. మరోవైపు, వచ్చిన సరుకును 30 రోజుల లోపు విడిపించుకోకపోతే నోటీసు ఇచ్చి అమ్మివేసే అధికారం 48వ సెక్షన్ ఇస్తోంది. కాలం మౌనంగా ఉన్నవాడి పక్షాన నిలబడదు. మన కుర్రవాడు దాచిన ఇరవై రోజులు ఈ ముప్పైలోనివే.

ఇది అర్థమయ్యాక మేము రెండోసారి ప్రయత్నించాం. ఈసారి సామాను ఉపాధ్యాయుడే తన పేరిట, తన బండి కోసం తెప్పించుకున్నారు. అది నిజంగా సొంత వాడకమే కదా! అమ్మినవాడి అసలు బిల్లు, బ్యాంకు చెల్లింపు కాగితం, బండి రిజిస్ట్రేషన్ నకలు ముందే సిద్ధం చేశాం. పార్శిల్ మీద వస్తువు పేరు, అసలు ధర ఉన్నవి ఉన్నట్టు రాయించాం. కస్టమ్స్ వారు ఒకసారి వివరణ అడిగారు, రెండో రోజే జవాబు పంపాం. సుంకం కట్టించుకొని సామాను ఇచ్చారు. మెకానిక్ తన కూలి తాను తీసుకున్నాడు. బండి నడుస్తోంది. పాలకుర్తి సోమేశ్వరాలయం గుట్ట దారిలో ఆ వెస్పా శబ్దం వినిపించినప్పుడు నాకు ఎంత సంతోషమో, అమ్ముడుపోయిన వెల్డింగ్ యంత్రం గుర్తుకు వచ్చి అంత బాధ.

ఇది మైనారిటీ హక్కుల సమస్య ఎలా అవుతుంది?

కస్టమ్స్ చట్టం హిందువుకూ ముస్లింకూ ఒకటేగా, ఈ పత్రికలో ఈ గోల ఎందుకని కొందరు అడగవచ్చు. చట్టం ఒకటే, నిజమే. కానీ చట్టం ముందు నిలబడే మనుషుల స్థితి ఒకటి కాదు. ముస్లిం శ్రామికులు జీతపు ఉద్యోగాల్లో తక్కువగాను, స్వయం ఉపాధిలో ఎక్కువగాను ఉన్నారని 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చెప్పింది. వారు ఎక్కువగా కనిపించే వృత్తులలో వాహనాల మరమ్మతును ప్రత్యేకంగా పేర్కొంది. మన జిల్లాల్లో ఏ బస్టాండు పక్కకు వెళ్లినా అది కంటికి కనిపించే సత్యం. గల్ఫ్‌లో బంధువు ఉండటం, అతని చేత వస్తువు తెప్పించుకోవడం కూడా మన ఇళ్లలోనే ఎక్కువ. కనుక దిగుమతి నియమం మారినప్పుడు, రేటు పెరిగినప్పుడు, బహుమతి రద్దయినప్పుడు ఆ దెబ్బ మొదట తగిలేది మన గల్లీకే.

దానికి తోడు భయం. పెద్ద వ్యాపారి కస్టమ్స్ నోటీసు వస్తే ఏజెంటుకు ఇచ్చి నిద్రపోతాడు. మన కుర్రవాడు 'విదేశీ పార్శిల్', 'నోటీసు' అన్న రెండు మాటలు ఒకచోట చూసేసరికి వార్తల్లో తన ఫోటో ఊహించుకుంటాడు. 'మన పేరు చూస్తే ఏమనుకుంటారో' అన్న అనుమానం అతని నోరు నొక్కుతుంది. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఆ అనుమానంతో కాగితాన్ని దాస్తే నష్టపోయేది మనమే. నోటీసుకు జవాబు రాసినవాడు పౌరుడు. దాచినవాడు తన చేతులతో తానే నిందితుడిగా కూర్చుంటాడు.

మన వైపు తప్పును కూడా ఒప్పుకోవాలి. 'విలువ తక్కువ రాయి, ఏమీ కాదు' అన్న సలహా మన మధ్యనే తిరుగుతోంది. అది అబద్ధం. అబద్ధపు కాగితంతో వచ్చిన సామాను హలాల్ సంపాదనకు పనిముట్టు ఎలా అవుతుంది? పైగా ఒకరి అబద్ధం వల్ల తరువాత వచ్చే పదిమంది నిజాయితీపరుల పార్శిళ్లు కూడా అనుమానంతో తెరుస్తారు. హక్కు అడిగే నోరు ముందు లెక్క సరిగా చెప్పాలి.

ప్రభుత్వాన్ని అడగవలసినవి

సుంకమే వద్దని నేను అనను. దేశంలోని విడిభాగాల పరిశ్రమ బతకాలి, లూధియానా, పుణె, చెన్నైల కార్మికులు కూడా మనవాళ్లే. చిన్న పార్శిళ్లకు ఉన్న మినహాయింపులను ఇతర దేశాలూ ఎత్తివేస్తున్నాయి. ఐరోపా సమాఖ్య 2021 జులైలో, అమెరికా 2025 ఆగస్టులో ఆ పని చేశాయి. కానీ దేశంలో తయారు కాని, తయారు చేసే కంపెనీయే లేని పాత బండి సామానుకు రక్షణ ఎవరికి? అక్కడ సుంకం ఏ పరిశ్రమనూ కాపాడదు, ఒక మెకానిక్ పనిని మాత్రం ఆపుతుంది.

కనుక నాలుగు కోరికలు. తయారీ నిలిచిపోయిన వాహనాల భాగాలను, రిజిస్ట్రేషన్ పత్రం చూపితే, తక్కువ సుంకంతో రానివ్వాలి. ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న మరమ్మతుదారుకు ఏడాదికి ఒక పరిమితి దాకా సరళమైన పద్ధతి పెట్టాలి. పత్రాలు కోరే తాఖీదులు ఇంగ్లీషుతో పాటు తెలుగులో, ఉర్దూలో కూడా పంపాలి. మన రాష్ట్రంలో ఉర్దూ రెండో అధికార భాష, కేంద్ర శాఖలకు ఆ నిబంధన వర్తించకపోయినా మర్యాద వర్తిస్తుంది. జిల్లా పరిశ్రమల కేంద్రంలోను, మైనారిటీ ఆర్థిక సంస్థ కార్యాలయంలోను వారానికి ఒక రోజు దిగుమతి నియమాలు చెప్పే మనిషిని కూర్చోబెట్టాలి. రుణం ఇచ్చి దుకాణం పెట్టించడంతో సంస్థ పని అయిపోదు, దుకాణం నడవాలి కదా.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. విడిభాగాలను స్వతంత్ర మెకానిక్‌లకు అందకుండా చేశారని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. మరమ్మతు హక్కు కోసం 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ కమిటీ వేసి, పోర్టల్ తెరిచింది. అందులో వాహనాల రంగం కూడా ఉంది. మరమ్మతు హక్కును ఒక శాఖ ఒప్పుకొని, దానికి కావలసిన చిన్న సామాను దారిలో ఇంకో శాఖ ముళ్లు పరిస్తే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

మనం చేయవలసినది

ప్రతి మండల కేంద్రంలో చదువుకున్న ఇద్దరు, పదవీ విరమణ చేసిన ఉద్యోగి ఒకరు కలిసి వారానికి ఒక సాయంత్రం కాగితాలు చదివిపెట్టే పని పెట్టుకుంటే చాలు. మసీదు వరండా అయినా సరే, పాఠశాల గది అయినా సరే. హిందూ, క్రైస్తవ మెకానిక్‌లు వచ్చినా వారి కాగితమూ చదవాలి, చిక్కు అందరిదీ. మేము పాలకుర్తిలో మొదలుపెట్టాం. ఇప్పటికి వచ్చినవి కస్టమ్స్ నోటీసులే కాదు, బ్యాంకు నోటీసులు, బీమా తిరస్కరణలు, పింఛను కాగితాలు కూడా.

మా ప్రాంతానికి కాగితంతో పోరాడిన చరిత్ర ఉంది. కామారెడ్డిగూడెం షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ అంతటివాడి మీద కోర్టుకెక్కి గెలిచాడు. ఆ గెలుపును ఓర్వలేక 1940లో ఆయనను చంపించారు. ఆ తరువాత ఇదే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను వదలలేదు. ప్రాణం పోయే కాలంలో ఒక పేద ముస్లిం రైతు చట్టాన్ని నమ్మి కోర్టు మెట్లెక్కాడు. ప్రాణభయం లేని ఈ కాలంలో మనం ఒక నోటీసుకు జవాబు రాయడానికి జంకుతున్నాం.

ఆ కుర్రవాడు ఈ మధ్య ఐఈసీ తీసుకున్నాడు. మొన్న మళ్లీ ఒక కాగితం పట్టుకొని వచ్చాడు. ఈసారి జేబులో దాచలేదు, చేతిలో పట్టుకొని వచ్చాడు. "చాచా, జవాబు నేనే రాశాను, తప్పులుంటే దిద్దండి" అన్నాడు. రెండు అక్షరదోషాలు దిద్ది ఇచ్చాను.